జేమ్స్ బాండ్‌ను వెతికిన కూరగాయల రైతు కొడుకు

తరువాతి జేమ్స్ బాండ్ ఎవరు? ఈ ప్రశ్న సినిమా పేజీల్లో అరవై ఏళ్లుగా అరిగిపోకుండా నడుస్తోంది. 1962 నుంచి 2021 వరకు లండన్‌లోని ఈయాన్ సంస్థ తీసిన 25 చిత్రాల్లో ఆ గూఢచారి వేషం కట్టింది ఆరుగురే. ఒకరు దిగిపోయినప్పుడల్లా కొత్తవాడి కోసం వెతుకులాట, ఊహాగానాలు, పందేలు, అభిమానుల అలకలు. ఆ ఆరుగురి పేర్లూ గడగడా చెప్పగలిగిన వారు కూడా, వాళ్లను ఏరి తెచ్చింది ఎవరని అడిగితే కాస్త తడుముకుంటారు. మొదటి నలుగురి ఎంపికలో ఆయన మాట ఉంది. ఐదో మనిషిని పిలిచి, వదులుకుని, చివరికి మళ్లీ అక్కడికే వచ్చారు. ఆయనే ఆల్బర్ట్ రోమోలో బ్రోకలీ. తెలిసినవాళ్లకు కబ్బీ.

బడుల పేజీలో బాండ్ గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ సినిమాలు పిల్లలకు చూపించదగ్గవని మేము చెప్పబోవడం లేదు. ఆడవాళ్లను అందులో చూపిన తీరు మాకు నచ్చదు కూడా. మమ్మల్ని ఆకట్టుకున్న సంగతి వేరు. తల్లిదండ్రుల భాష ఒకటి, వీధి భాష మరొకటిగా పెరిగిన వలస కుటుంబపు కొడుకు ఒకాయన, ఇంకో దేశంలో కూర్చుని, ఆ దేశపు అచ్చమైన పెద్దమనిషి ఎలా నడవాలో, ఎలా మాట్లాడాలో పాతికేళ్లకు పైగా నిర్ణయించారు. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, సోలాపూర్‌లోనో బిడ్డను తెలుగు బడికి పంపే తల్లిదండ్రులకు ఈ కథలో తెలిసిన ముఖాలు కొన్ని కనబడతాయి.

బ్రోకలీ 1909 ఏప్రిల్ 5న న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో పుట్టారు. తండ్రి జొవానీ, తల్లి క్రిస్టీనా. వారి మూలాలు ఇటలీ దక్షిణపు కొసన ఉన్న కలాబ్రియాలో. బతుకుతెరువు కోసం ఓడ ఎక్కిన లక్షల కుటుంబాల్లో అదొకటి. లాంగ్ ఐలండ్‌లో పొలం కొని కూరగాయలు పండించారు. ఇంటిపేరు విని నవ్వేవాళ్లకు ఆ ఇంట్లో ఒక జవాబు సిద్ధంగా ఉండేది. బ్రోకలీ కూరను పుట్టించింది తమ పూర్వీకులేనని, రెండు కాయగూరలను కలిపి దాన్ని సాధించారని చెప్పుకునేవారు. ఆ కూర అంతకు ఎంతో ముందునుంచే ఇటలీలో ఉందని పుస్తకాలు చెబుతాయి. అయినా ఇంటికొక గొప్ప ఉంటుంది, దాన్ని కాదనడం దేనికి?

కబ్బీ అన్న ముద్దుపేరు వెనక కూడా ఒక చిన్న కథ ఉంది. అప్పట్లో పత్రికల్లో వచ్చే బొమ్మల కథలో కబిబుల్ అనే పాత్ర ఉండేది. దగ్గరి బంధువైన ప్యాట్ డిసికో ఈ పిల్లవాడిని ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. అది అరిగి అరిగి కబ్బీ అయింది. ఎనభై ఏడేళ్ల వయసులోనూ ఆ పేరే నిలిచింది.

తండ్రి పోయాక రకరకాల పనులు చేశారు. అందులో శవపేటికలు తయారుచేసే పని ఒకటి. దీన్ని గుర్తుంచుకోండి, ముందు అవసరం వస్తుంది. తరువాత హాలీవుడ్‌లో ఉన్న డిసికోను చూడటానికని వెళ్లి అక్కడే ఉండిపోయారు. హోవర్డ్ హ్యూస్ తీసిన ‘ది అవుట్‌లా’ చిత్రానికి ఆయన చేసిన పని, మన సినిమా వాళ్ల భాషలో చెప్పాలంటే, సెట్లో అందరికీ అన్నీ అందించే కుర్రాడి పని. యుద్ధకాలంలో నౌకాదళంలో చేరారు. తిరిగొచ్చాక సినిమాలో చోటు వెంటనే దొరకలేదు. బెవర్లీ హిల్స్‌లో క్రిస్మస్ చెట్లు అమ్మారు. ఆ తరువాత చార్లెస్ ఫెల్డ్‌మన్ అనే పేరున్న ఏజెంటు దగ్గర చేరి నటులకు వేషాలు కుదిర్చే పని నేర్చుకున్నారు. ఎవరికి ఏ వేషం నప్పుతుందో చూడటం ఆయనకు అలవాటయింది అక్కడే.

1950ల మొదట్లో ఇర్వింగ్ అలెన్ అనే భాగస్వామితో లండన్ చేరారు. బ్రిటన్‌లో అప్పుడొక పథకం ఉండేది. సినిమా టికెట్ల మీద వసూలు చేసిన సెస్సులో కొంత ఆ దేశంలో చిత్రాలు తీసే వారికి పంచేవారు. ఆ లెక్క చూసుకుని వార్విక్ ఫిల్మ్స్ అనే సంస్థ పెట్టారు. 1953లో వచ్చిన ‘ది రెడ్ బెరే’ వీరి తొలి చిత్రం. దర్శకుడు టెరెన్స్ యంగ్, రచయితల్లో ఒకరు రిచర్డ్ మైబామ్. ఈ ఇద్దరూ తరువాత బాండ్ చిత్రాలకు పునాది వేశారు.

ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన బాండ్ నవలల మీద బ్రోకలీకి అప్పటికే కన్ను పడింది. మొదటి నవల ‘క్యాసినో రాయల్’ 1953లో వచ్చింది. రచయితతో ఒక సమావేశం కూడా కుదిరింది. సరిగ్గా ఆ రోజుల్లో భార్య నెడ్రాకు జబ్బు ముదిరింది. బ్రోకలీ ఆమె దగ్గరే ఉండిపోయారు. సమావేశానికి వెళ్లిన అలెన్, ఈ పుస్తకాలు టీవీకి కూడా పనికిరావన్నట్టు మాట్లాడి రచయిత మనసు విరిచి వచ్చారు. 1958లో నెడ్రా చనిపోయారు. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. 1960లో ఆస్కార్ వైల్డ్ మీద తీసిన చిత్రం సొమ్మంతా మింగేసింది, వార్విక్ మూతపడింది. 1959లో డేనా విల్సన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె వెంట కొడుకు మైకేల్ వచ్చాడు. 1960లో కూతురు బార్బరా పుట్టింది. యాభై దాటిన వయసులో, నలుగురు పిల్లల తండ్రి, చేతిలో సంస్థ లేకుండా మళ్లీ మొదటికి వచ్చారు.

అప్పుడు తెలిసింది, ఆ నవలల హక్కులు హ్యారీ సాల్ట్‌జ్‌మన్ అనే కెనడా మనిషి చేతిలో ఉన్నాయని. ఈయన కూడా బతుకులో అన్నీ చూసినవారే, కుర్రతనంలో సర్కస్ వెంట తిరిగారు. హక్కులు ఉన్నాయి కానీ గడువు ఆరు నెలలే, పెట్టుబడి పెట్టేవారు దొరకలేదు. రచయిత వుల్ఫ్ మాంకోవిట్జ్ ఇద్దరినీ కలిపారు. బ్రోకలీ హక్కులు కొనేస్తామన్నారు. సాల్ట్‌జ్‌మన్ అమ్మనని, భాగస్వామ్యమైతే సరేనని పట్టుబట్టారు. చివరికి సగం సగం. తమ భార్యలు డేనా, జాక్వెలిన్ పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి డాంజాక్ అన్న సంస్థ పెట్టారు. చిత్రాలు తీయడానికి ఈయాన్. 1961 జూన్‌లో న్యూయార్క్ వెళ్లి యునైటెడ్ ఆర్టిస్ట్స్ పెద్దలను కలిశారు. గంటలోపే ఒప్పందం కుదిరింది. మొదటి చిత్రం ‘డాక్టర్ నో’, ఖర్చు సుమారు 10 లక్షల డాలర్లు.

డబ్బు దొరికింది. మనిషి దొరకాలి.

ఇక్కడి నుంచి బ్రోకలీ అసలు పని మొదలవుతుంది. అందరికీ తెలిసిన తారల్లో క్యారీ గ్రాంట్ ఆయనకు దగ్గరి స్నేహితుడు, డేనాతో జరిగిన పెళ్లిలో తోడుపెళ్లికొడుకు. కానీ గ్రాంట్ ఒక్క సినిమాకు మించి మాట ఇవ్వలేదు. బ్రోకలీకి కావలసింది వరుస చిత్రాల హీరో. పైగా ఉన్న పది లక్షల్లో పెద్ద తారకు ఇచ్చేదెంత, సినిమాకు మిగిలేదెంత? ఫ్లెమింగ్‌కు డేవిడ్ నివెన్ లాంటి పెద్దమనిషి మీద మనసు. ప్యాట్రిక్ మెగూహన్ వద్దన్నారు. పత్రిక ద్వారా పోటీ పెడితే 28 ఏళ్ల మోడల్ ఒకరు గెలిచారు, చూడటానికి బాగున్నారు కానీ నటన బరువు మోయలేకపోయారు.

ఎడిన్‌బరోలో పుట్టిన షాన్ కానరీని బ్రోకలీ 1959లో వచ్చిన ‘డార్బీ ఓగిల్’ అనే డిస్నీ చిత్రంలో చూశారు. పిల్లల చిత్రం. అందులో పాట పాడే పల్లెటూరి కుర్రాడి వేషం. బ్రోకలీకి సందేహం తీరక భార్యను పిలిచి తెరమీద చూపించారు. ఈ మనిషి వైపు ఆడవాళ్లు చూస్తారా లేదా అన్నది ఆయన ప్రశ్న. డేనా తడుముకోకుండా చూస్తారనే చెప్పారు. అరవై ఏళ్ల వ్యాపారం ఆ ఇంటామె జవాబు మీద నిలిచిందంటే అతిశయోక్తి కాదు.

కానరీ ఎవరు? తండ్రి కార్మికుడు, తల్లి ఇళ్లలో శుభ్రం చేసే పని చేసేది. చదువు పధ్నాలుగేళ్లు నిండకముందే ఆగిపోయింది. పాలబండి తోలారు, నౌకాదళంలో చేరి కడుపులో పుండ్ల వల్ల బయటికొచ్చారు, ఇటుకలు పేర్చారు, శవపేటికలకు పాలిష్ పట్టారు. అవును, ఎంచినవారూ ఎంచబడినవారూ ఇద్దరూ ఒకప్పుడు శవపేటికల దగ్గర కూలి తీసుకున్నవాళ్లే. ఇంకో సంగతి మా ఉపాధ్యాయులకు నచ్చుతుంది. కానరీ పాలు పోసిన చోట్లలో ఎడిన్‌బరోలోని ఫెట్టిస్ అనే పెద్దింటి పిల్లల బడి ఒకటి. తరువాతి నవలలో ఫ్లెమింగ్ తన బాండ్ చదువుకున్నాడని రాసింది ఆ బడిలోనే.

మేఫెయిర్‌లోని సౌత్ ఆడ్లీ వీధిలో ఈయాన్ ఆఫీసు. కానరీ అక్కడికి నలిగిన బట్టలతో వచ్చారు. బల్ల మీద చెయ్యి చరుస్తూ తన షరతులు చెప్పారు. కెమెరా పరీక్ష ఇవ్వనన్నారు. వేషం కోసం వచ్చినవారు సాధారణంగా ఇలా ఉండరు. ఆయన బయటికి వెళ్లాక నిర్మాతలిద్దరూ కిటికీ దగ్గర నిలబడి, వీధి దాటుతున్న మనిషిని చూశారు. అంత భారీ దేహం, అడుగు మాత్రం పిల్లి అడుగు. నిర్ణయం అక్కడే జరిగిపోయింది. మా బడుల్లో వార్షికోత్సవ నాటకానికి వేషాలు పంచేటప్పుడు ముందు పద్యం అప్పజెప్పించుకుంటాం. పిల్లవాడు గేటు దాటి ఎలా నడిచి వెళుతున్నాడో చూసే తీరిక మాకెప్పుడూ దొరకదు.

న్యూయార్క్ వాళ్లు పరీక్ష చిత్రాలు చూసి పెదవి విరిచారు, ఇంకా మంచివాడిని వెతకమన్నారు. ఫ్లెమింగ్‌కూ మొదట నచ్చలేదు. తాను ఊహించింది ఉన్నతాధికారి లాంటి మనిషిని, వచ్చింది కండలు తిరిగిన శ్రామికుడు. బ్రోకలీ వెనక్కి తగ్గలేదు. వీళ్లందరినీ ఒప్పించాక దర్శకుడు టెరెన్స్ యంగ్ కానరీని చేతుల్లోకి తీసుకున్నారు. తన సొంత దర్జీ ఆంథొనీ సింక్లెయిర్ దగ్గర సూట్లు కుట్టించి, అవి ఒంటికి అలవాటు పడేదాకా వాటితోనే పడుకోమన్నారు. ఖరీదైన భోజనశాలలకు తీసుకెళ్లి ఎలా కూర్చోవాలో, ఎలా తినాలో నేర్పించారు. నడత మారింది, వేషం మారింది.

యాస మాత్రం మారలేదు. స్కాట్లాండ్ ఉచ్చారణ, ముఖ్యంగా ఆ సకారం పలికే తీరు, చివరిదాకా అలాగే ఉంది. ఇంగ్లిష్ పెద్దమనిషికి ప్రపంచం నమూనాగా తీసుకున్న గొంతు లండన్‌ది కాదు, ఎడిన్‌బరో కార్మికవాడది. 1962 అక్టోబర్ 5న లండన్‌లో ‘డాక్టర్ నో’ విడుదలయింది. జనం యాస గురించి అడగలేదు. ఫ్లెమింగ్ తన అభిప్రాయం మార్చుకోవడమే కాదు, 1964 నాటి నవలలో బాండ్ తండ్రిని స్కాట్లాండ్ వాడిని చేసి, తల్లిని స్విట్జర్లాండ్ నుంచి తెచ్చారు. నటుడి కోసం పాత్ర పుట్టుక మార్చుకోవడం అరుదు.

ఇది చదువుతున్నప్పుడు మాకు మా పిల్లలే గుర్తొచ్చారు. వేసవి సెలవులకు కృష్ణా, గుంటూరు వైపు చుట్టాలిళ్లకు వెళ్లి వచ్చిన పిల్లలు జూన్‌లో కొన్నాళ్లు తరగతిలో తెలుగులో నోరు మెదపరు. కన్నడమో తమిళమో ఒడియానో కలిసిన తమ మాటకు అక్కడ ఎవరో సరదాకి నవ్వి ఉంటారు. నవ్వినవాళ్లకు గుర్తుండదు. ఆ పిల్లల చేత మళ్లీ తెలుగులో మాట్లాడించడానికి మాకు ఒక నెల పడుతుంది.

అయితే బ్రోకలీ సినిమాల్లో అన్ని యాసలకూ ఒకే మర్యాద దక్కిందని చెబితే అబద్ధమవుతుంది. ‘డాక్టర్ నో’లో ఉర్సులా ఆండ్రెస్ గొంతు వినబడదు, నిక్కీ వాన్ డెర్ జిల్ అనే డబ్బింగ్ కళాకారిణి గొంతు వినబడుతుంది. ‘గోల్డ్‌ఫింగర్’లో ప్రతినాయకుడు గెర్ట్ ఫ్రోబే జర్మన్, ఆయన ఇంగ్లిష్‌కు కూడా వేరే గొంతు అతికించారు. రెండో బాండ్‌కు కూడా కొంతసేపు అదే జరిగింది. ఆ సంగతికి వస్తున్నాం.

ఐదు చిత్రాల తరువాత, 1967లో, కానరీ దిగిపోయారు. వెంటపడే జనం, పెరిగిపోయిన పని, పైగా లాభాల్లో తన వాటా చాలదన్న కోపం. బ్రోకలీకి, ఆయనకు మధ్య ఆ కోపం చాలా ఏళ్లు నడిచింది. ఇందులో ఎవరి పక్షమని అడిగితే మేము కానరీ వైపే మొగ్గుతాం. బొమ్మను అమ్మి వచ్చిన సొమ్ములో ఆ బొమ్మకు ప్రాణం పోసినవాడి లెక్క చిన్నదిగానే ఉండింది.

కొత్తవాడి కోసం వందలమందిని చూశారు. జార్జ్ లేజెన్‌బీ ఆస్ట్రేలియాలో కార్లు అమ్మి, లండన్ వచ్చి చాక్లెట్ ప్రకటనలో కనబడిన మోడల్. సినిమా నటనతో పరిచయం లేదు. కానీ బుర్ర ఉంది. కానరీ దర్జీ దగ్గరికి వెళ్లి, కానరీ తీసుకోకుండా వదిలేసిన సూటు సంపాదించారు. కానరీకి క్షవరం చేసే మంగలి దగ్గరే జుట్టు కత్తిరించుకున్నారు. అక్కడే బ్రోకలీ కంట పడ్డారు. నటించిన అనుభవం గురించి అబద్ధాలు చెప్పి లోపలికి వచ్చారు. పోరాట పరీక్షలో ఎదుటివాడి ముక్కు మీద నిజంగానే గుద్దారు. వేషం దక్కింది. 1969లో వచ్చిన ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’లో బాండ్ వేరొకరి పేరుతో తిరిగే భాగమంతా జార్జ్ బేకర్ అనే నటుడి గొంతు వినబడుతుంది. బాండ్ కాలం చెల్లిపోయిందన్న సలహాదారు మాట విని, చిత్రం విడుదలయ్యేలోపే లేజెన్‌బీ తప్పుకున్నారు. ఇన్ని తంటాలు పడి సంపాదించినదాన్ని అంత తేలిగ్గా వదిలేసినవాడు సినిమా చరిత్రలో ఇంకొకరు కనబడరు.

తరువాతి చిత్రానికి బ్రోకలీ అమెరికా నటుడు జాన్ గావిన్‌తో ఒప్పందం చేసుకున్నారు. యునైటెడ్ ఆర్టిస్ట్స్ మాత్రం కానరీయే కావాలంది. పన్నెండున్నర లక్షల డాలర్లు ఇస్తామని కానరీని ఒప్పించింది. గావిన్‌కు ఒప్పుకున్న డబ్బు చెల్లించి పంపేశారు. ఆయన తరువాత మెక్సికోలో అమెరికా రాయబారి అయ్యారు. కానరీ ఆ పారితోషికాన్ని స్కాట్లాండ్ పిల్లల చదువులకు సాయం చేసే ఒక విద్యానిధికి ఇచ్చేశారు. పధ్నాలుగేళ్లకే బడి మానేసిన మనిషి చేసిన పని ఇది. 1971 నాటి ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’ గురించి మాకు మిగతాదేమీ చెప్పాలనిపించదు.

ఇదే కాలంలో మద్రాసులోనూ ఒక ఎంపిక జరిగింది. బాండ్ గాలి మన స్టూడియోలకూ తగిలింది. నిర్మాత డూండీ తెలుగులో గూఢచారి చిత్రం తీయాలనుకున్నారు. 1965లో ఆదుర్తి సుబ్బారావు కొత్తవాళ్లతో తీసిన ‘తేనె మనసులు’లో బుర్రిపాలెం కుర్రాడు కృష్ణ స్కూటర్ మీద కారును వెంటాడి దాని మీదికి దూకే దృశ్యం ఉంది. డూప్ లేకుండా చేశారు. డూండీకి ఆ ఒక్క దూకుడు చాలింది. 1966లో ‘గూఢచారి 116’ వచ్చింది, కృష్ణకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరు స్థిరపడింది. లండన్‌లో ఒక నడక, మద్రాసులో ఒక దూకుడు.

మూడో బాండ్ రోజర్ మూర్. లండన్ పోలీసు కొడుకు, టీవీలో ‘ది సెయింట్’తో అప్పటికే పేరున్నవారు. అమెరికా పంపిణీదారులు తమ తారలను రుద్దబోతే, బాండ్ బ్రిటిష్‌వాడే కావాలని ఈసారి బ్రోకలీ గట్టిగా నిలబడ్డారు. ఒళ్లు తగ్గించమని, జుట్టు కత్తిరించమని మూర్‌కు చెప్పారు. 1973 నుంచి 1985 వరకు ఏడు చిత్రాలు. ఇద్దరికీ మంచి స్నేహం, షూటింగ్ విరామాల్లో పాచికలాట బ్యాక్‌గామన్ ఆడుకునేవారు.

మధ్యలో భాగస్వామ్యం విరిగింది. ఇతర వ్యాపారాల్లో అప్పులపాలైన సాల్ట్‌జ్‌మన్ 1975లో తన సగం వాటాను యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కు అమ్ముకున్నారు. బ్రోకలీ ఒక్కరే మిగిలారు. ఒంటరిగా తీసిన మొదటి చిత్రం 1977 నాటి ‘ది స్పై హూ లవ్డ్ మీ’. ఈజిప్టులో షూటింగ్ జరుగుతుండగా తిండి సామాను చెడిపోయింది. ఎండలో ఆకలితో ఉన్న బృందం కోసం నిర్మాత తానే గరిటె పట్టి, పెద్ద గిన్నెల్లో పాస్టా వండి వడ్డించారు. కలాబ్రియా ఇంటి వంట ఎడారి దాకా వచ్చింది. ఆ రోజు తిన్నవాళ్లు ఆయన గురించి చెప్పినప్పుడల్లా ముందు ఆ పాస్టా గురించే చెప్పారు.

1982లో హాలీవుడ్ అకాడమీ ఆయనకు థాల్‌బర్గ్ పురస్కారం ఇచ్చింది. అందించింది మూర్. ‘ఆక్టోపస్సీ’ కోసం ఉదయ్‌పూర్‌లో కొంత తీశారు, అందులో టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ కూడా కనబడతారు.

మూర్‌కు 57 ఏళ్లు వచ్చాయి, దిగిపోక తప్పలేదు. 1986 ఎంపికే మాకు అన్నిటికన్నా కష్టమైనదిగా కనబడుతుంది. దర్శకుడు, ఇంట్లో పిల్లలు మైకేల్, బార్బరా కూడా న్యూజిలాండ్‌లో పెరిగిన శాం నీల్ వైపు మొగ్గారు. బ్రోకలీకి నచ్చలేదు. ఆయన మనసు ఐర్లండ్ వాడైన పియర్స్ బ్రాస్నన్ మీద ఉంది. బ్రాస్నన్ భార్య కాసాండ్రా హ్యారిస్ 1981 నాటి బాండ్ చిత్రంలో నటించారు, అప్పటి నుంచే ఆయన తెలుసు. బ్రాస్నన్ చేస్తున్న టీవీ సీరియల్‌ను ఛానల్ ఆపేసింది. కానీ మళ్లీ మొదలుపెట్టడానికి దానికి 60 రోజుల హక్కు ఉంది. ఆయన బాండ్ అవుతున్నాడన్న వార్తతో సీరియల్‌కు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. గడువు ముగిసే చివరి ఘడియల్లో ఛానల్ ఆ హక్కు వాడుకుంది. ప్రతివారం ఇంట్లో ఊరికే కనబడే ముఖాన్ని టికెట్ కొని చూడమని ఎలా అడుగుతామని బ్రోకలీ తప్పుకున్నారు. వ్యాపారిగా ఆయన సరిగ్గానే ఆలోచించారు. బ్రాస్నన్‌కు మాత్రం వేషం పేరు చెప్పి వేషమే పోయింది. ఆ సీరియల్ కూడా కొద్ది భాగాలతోనే ముగిసింది.

వేషం వేల్స్‌లో పుట్టిన రంగస్థల నటుడు టిమోతీ డాల్టన్‌కు వెళ్లింది. 1960ల చివర్లోనే బ్రోకలీ ఈయనను అడిగారు, అప్పుడు తనకు వయసు చాలదని డాల్టనే వద్దన్నారు. రెండు చిత్రాలు, 1987లో ఒకటి, 1989లో ఒకటి. ఫ్లెమింగ్ రాసిన మనిషికి అందరికన్నా దగ్గరగా ఉన్నది డాల్టనే అని మా అభిప్రాయం. ఆ తరువాత హక్కుల మీద కోర్టు కేసులు, ఆరేళ్ల విరామం. బ్రోకలీకి గుండె జబ్బు ముదిరింది. పగ్గాలు సవతి కొడుకు మైకేల్ విల్సన్, కూతురు బార్బరా చేతికి వెళ్లాయి. మైకేల్ ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం చదివినవారు. బార్బరా సెట్లో కిందిస్థాయి పనులు చేసి పైకి వచ్చినవారు.

1991లో కాసాండ్రా క్యాన్సర్‌తో చనిపోయారు. 1994లో డాల్టన్ తప్పుకున్నారు. అదే ఏడాది జూన్‌లో బ్రాస్నన్ పేరు ప్రకటించారు. ఎనిమిదేళ్ల కింద చేజారిన వేషం తిరిగి వచ్చింది, దాన్ని చూడటానికి భార్య లేరు. 1995 నవంబర్‌లో ‘గోల్డెన్ ఐ’ విడుదలై గట్టిగా ఆడింది. 1996 జూన్ 27న బెవర్లీ హిల్స్‌లో బ్రోకలీ కన్నుమూశారు.

వెనక్కి తిరిగి ఆ జాబితా చూస్తే ఒక విచిత్రం. కానరీ స్కాట్లాండ్, లేజెన్‌బీ ఆస్ట్రేలియా, డాల్టన్ పుట్టింది వేల్స్‌లో, బ్రాస్నన్ ఐర్లండ్. ఇంగ్లండ్‌లో పుట్టినవారు మూర్, ఆయన తరువాత వచ్చిన డేనియల్ క్రెయిగ్, ఇద్దరే. నిర్మాతల్లో ఒకరు ఇటలీ సంతతి అమెరికన్, ఇంకొకరు కెనడా. ఇంగ్లండ్‌కు మారుపేరైన బొమ్మను చెక్కిన చేతుల్లో ఎక్కువ భాగం అంచుల నుంచి వచ్చినవే.

క్రెయిగ్ ఎంపిక బార్బరాది. 2005 అక్టోబర్‌లో ప్రకటించగానే జుట్టు రంగు దగ్గర నుంచి ఎత్తు దాకా వెక్కిరింపులే. ఆమె, తండ్రి 1961లో నిలబడినట్టే నిలబడ్డారు. 2006లో ‘క్యాసినో రాయల్’ చూశాక ఆ నోళ్లు మూతపడ్డాయి. 2021 దాకా ఐదు చిత్రాలు చేసి క్రెయిగ్ వెళ్లిపోయారు.

బ్రోకలీ పోయాక కూడా ఆ చిత్రాల మొదట్లో ఆల్బర్ట్ ఆర్. బ్రోకలీ గారి ఈయాన్ ప్రొడక్షన్స్ సమర్పణ అన్న మాటే తెర మీద పడుతూ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో బార్బరా, మైకేల్ హక్కుల్లో వాటా ఉంచుకుని, సినిమాల మీద నిర్ణయాధికారాన్ని అమెజాన్ ఎంజీఎం సంస్థకు అప్పగించారు. ఏడో బాండ్‌ను ఎంచుకునేటప్పుడు ఆ కిటికీ దగ్గర ఆ ఇంటివాళ్లు ఉండరు.